చల్లారేదాకా

చక్కెరకి ఎన్ని మారుపేర్లో
రేపరు మీద వేలు పెట్టి లెక్కేసింది థోరా.
గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ సారం,
నోరు తిరగనిది ఇంకోటి.
"దొంగక్కూడా ఇన్ని పేర్లుండవు నాన్నా."
రేపరు ముందువైపు మాత్రం
పచ్చటి కొండ, నవ్వుతున్న సూర్యుడు.

ముందురోజే బడికొచ్చిన పళ్ల డాక్టరమ్మ
సాండర్ నోట్లో రెండు పుప్పిపళ్లు చూసి
నాకో చీటీ పంపింది.
వాడికి ఏడేళ్లు.
చీటీలో తిట్టు లేదు,
అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అబర్దీన్ వెళ్లే సరుకు ఓడలో
ఇంజిన్ పని నాది.
రెండు వారాలు నీళ్ల మీద, రెండు వారాలు స్ట్రామ్‌నెస్‌లో.
ఇంగాకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
తెల్లారగట్ల పిల్లల సంచుల్లో ఆ బార్లు పడేసిన చెయ్యి
ఇదే, నాదే.

సరే, ఓట్లకి ఈ దీవుల్లో కరువా?
మూకుట్లో దోరగా వేయించాను.
ఖర్జూరాలు వేణ్ణీళ్లలో నానేసి మెత్తగా మెదిపాను.
థోరా క్లాసులో ఒక పాపకి వేరుశనగ పడదట,
బదులుగా గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు.
పక్కింటి ఇస్బిస్టరమ్మ తేనె రెండు చెంచాలు,
రెండంటే రెండే.
ట్రేలో పరిచి గ్లాసు అడుగుతో అదిమి
ఓవెన్లోంచి తీస్తూనే కత్తి దించాను.

పొడి.
పిడికెడు కూడా నిలబడని ఇసకదిబ్బ.
సాండర్ మాట్లాడకుండా గిన్నె తెచ్చుకుని
పాలు పోసుకుని తినేశాడు.

రెండోసారి పంతం పట్టాను.
తేనె ఒంపాను, మంట పెంచాను.
ఇంటికప్పు మీద పలక ఊడి ట్రేలో పడ్డట్టు తయారైంది.
సాండర్ కొరికాడు.
కటుక్కుమంది.
వంటగదిలో ఎవరూ ఊపిరి తియ్యలేదు.
"నాన్నా!" అని అరచెయ్యి చాపాడు,
మూడు వారాలుగా ఊగుతున్న పాలపన్ను.
పుప్పిది కాదు, మంచిదే, మన ఖర్మ!
నెత్తురు నవ్వుతో వీధంతా చూపించొచ్చి
రాత్రి దిండు కింద దాచి
పొద్దున్నే నాణెం పట్టుకుని వచ్చాడు:
"మళ్లీ అలాగే చెయ్యవా?"

మూడోసారి
ట్రేకీ కత్తికీ మధ్య థోరా నిలబడింది.
"ఇంజిన్ ఆపీ ఆపగానే మూత విప్పుతావా?"
"లేదు."
"ఏం?"
"కాలుతుంది. లోపల ఇనుము ఇంకా సర్దుకుంటూ ఉంటుంది."
"మరి?"
అంతే అంది.
ఇరవై ఏళ్ల సర్వీసు నాది,
పదేళ్ల పిల్ల ముందు కత్తి కింద పెట్టాను.

ట్రే కిటికీ గట్టు మీద పెట్టాం.
నవంబరు, మూడున్నరకే చీకటి.
గాలి తలుపు కింద దూరి ఓట్ల వాసన తిప్పి తిప్పి తెస్తోంది.
పేకలాడాం. ఓడిపోయాను.
లేచి వేలితో తాకి చూశాను, తిట్లు తిన్నాను.
మళ్లీ ఓడిపోయాను.
కొలతలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు,
గంటన్నర ఊరికే కూర్చోవడం ఎలాగో
ఒక్కరూ చెప్పరు.

కోస్తే అంచులు నిలబడ్డాయి.
ఒక మూల విరిగితే అది తనదేనన్నాడు సాండర్.

గురువారం థోరా ఒప్పేసుకుంది:
"సగం తిన్నాను. సగం చిప్స్‌కి మార్చుకున్నాను."
పోనీలే, బజార్లో దానికీ ఒక వెల పలికింది.

మళ్లీ ఓడెక్కాను.
రాత్రి రెండు, అల అడ్డంగా కొడుతోంది,
గుడ్డముక్క కోసం జేబులో చెయ్యి పెడితే
మైనపు కాగితం పొట్లం తగిలింది.
పైన పెన్సిలుతో, వంకర అక్షరాల్లో:
"చల్లారింది. తినొచ్చు."

చేతులు తుడుచుకున్నాను.
పక్కనే ఇంజిన్
వేడిగా గురకపెడుతోంది.